నష్టం ఎవరి నెత్తిన? 2001లో అర్జెంటీనా కుప్పకూలిన తీరు

2002 జూన్ 27న అర్జెంటీనాలోని ఒక పెద్ద పత్రిక మొదటి పేజీ శీర్షిక సారాంశం ఇది: సంక్షోభం మరో ఇద్దరి ప్రాణం తీసింది. అంతకు ముందు రోజు రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌ను ఆనుకుని ఉన్న అవెల్లనేదాలో పని లేని జనం వంతెన దగ్గర రోడ్డుకి అడ్డంగా నిలబడ్డారు. పోలీసులు తుపాకులు పేల్చారు. మాక్సిమిలియానో కొస్తేకి అనే కుర్రాడు తూటా తగిలి పక్కనున్న రైల్వే స్టేషన్లో పడిపోయాడు. దారియో సంతియాన్ అనే ఇంకో కుర్రాడు అతన్ని అలా వదిలి పోలేక పక్కనే ఆగాడు. పోలీసులు లోపలికి రాగానే లేచి వెళ్లబోతుంటే వెనక నుంచి కాల్చారు. ఇద్దరూ చనిపోయారు. ఆ పూట స్టేషన్లో ఫొటోగ్రాఫర్లు ఉన్నారు, తుపాకులు పట్టుకున్న పోలీసులు ఫొటోల్లో స్పష్టంగా కనబడుతున్నారు. అయినా శీర్షికలో హంతకుడి స్థానంలో ఉన్నది ‘సంక్షోభం’.

ఆ శీర్షిక చదివిన దగ్గర్నుంచి నాకు మనసులో ముల్లులా ఉండిపోయింది. ఎందుకంటే మాంద్యాల గురించి మనమందరం ఇలాగే మాట్లాడతాం. మాంద్యం వచ్చింది, ఉద్యోగాలు పోయాయి, డబ్బు విలువ పడిపోయింది, ప్రభుత్వం కూలింది అంటాం. తుఫాను వచ్చి వెళ్లినట్టు చెబుతాం. తుఫానుని ఎవరు నిలదీస్తారు? కానీ 1998 నుంచి 2002 దాకా అర్జెంటీనాలో జరిగినదాన్ని వరసగా చూసుకుంటూ వస్తే, ప్రతి మలుపులోనూ ఎవరో ఒకరు కూర్చుని ఒక నిర్ణయం తీసుకున్నారు. ఆ నిర్ణయాలన్నీ చివరికి ఒకే ప్రశ్నకి జవాబులు: వచ్చిన నష్టాన్ని ఎవరి నెత్తిన వెయ్యాలి? ఆర్థిక పదాల చిక్కుముడిలో ఈ ప్రశ్నను వదిలిపెట్టకుండా పట్టుకుంటే, అక్కడి జనం వీధుల్లోకి ఎందుకు వచ్చారో, సరిగ్గా 2001 డిసెంబర్ 19 రాత్రే ఎందుకు వచ్చారో అర్థమవుతుంది.

ఒక పెసో, ఒక డాలర్

కథ 1989లో మొదలుపెట్టాలి. ఆ ఏడాది అర్జెంటీనాలో ద్రవ్యోల్బణం 3,000 శాతం దాటింది. ఉదయం ఉన్న ధర సాయంత్రానికి లేదు. జీతం చేతిలో పడగానే ఏదో ఒక సరుకు కొనెయ్యాలి, లేకపోతే అది కాగితమే. ఆకలితో జనం దుకాణాల మీద పడ్డారు. అధ్యక్షుడు రౌల్ అల్ఫోన్సిన్ పదవీకాలం ఇంకా 5 నెలలు ఉండగానే దిగిపోయాడు. ఆయన తర్వాత వచ్చిన కార్లోస్ మెనెమ్ దగ్గర ఆర్థిక మంత్రిగా పనిచేసిన డొమింగో కవాలో 1991లో ఒక చట్టం తెచ్చాడు. దాని సారం చాలా సులువు. కొద్ది నెలలకి కొత్తగా వచ్చిన పెసో ఒకటి ఇస్తే డాలర్ ఒకటి ఇస్తారు. ఎప్పుడైనా, ఎవరికైనా. ఖజానాలో డాలర్ నిల్వలుంటే తప్ప రిజర్వు బ్యాంకు కొత్త పెసోలు అచ్చు వెయ్యకూడదు.

ఇది పనిచేసింది. రెండు మూడేళ్లలో ధరలు నిలబడ్డాయి. 1990ల మధ్యకి వచ్చేసరికి ద్రవ్యోల్బణం దాదాపు సున్నా. డబ్బుని నమ్మడం మర్చిపోయిన దేశానికి మళ్లీ నమ్మకం వచ్చింది. జనం బ్యాంకుల్లో డాలర్లు దాచుకున్నారు, ఇళ్లకీ కార్లకీ డాలర్లలో అప్పులు తీసుకున్నారు. జీతం పెసోల్లో వచ్చినా, అప్పు డాలర్లలో ఉన్నా తేడా ఏముంది, రెండూ ఒకటేనని చట్టమే చెప్పింది కదా! ఈ చట్టాన్ని వట్టి ద్రవ్య విధానంగా చూస్తే సగమే అర్థమవుతుంది. అది ప్రభుత్వం జనానికి రాసిచ్చిన మాట. తర్వాత వచ్చిన కోపమంతా ఆ మాట తప్పడం నుంచి పుట్టింది.

అయితే ఈ ఏర్పాటుకి మూల్యం మొదటి నుంచీ ఉంది. దాన్ని కట్టినవాళ్లు రాజధానికి చాలా దూరంగా ఉన్నారు. మెనెమ్ ప్రభుత్వం టెలిఫోన్లు, రైళ్లు, విమానాలు, చమురు కంపెనీ అన్నీ ప్రైవేటుకి అమ్మేసింది. దక్షిణాన నెవుకెన్ రాష్ట్రంలో కుత్రల్ కో అనే ఊరు పూర్తిగా చమురు కంపెనీ మీద బతికింది. అక్కడ స్కూలు, ఆసుపత్రి, క్లబ్బు, జీతం అన్నీ కంపెనీవే. కంపెనీ చేతులు మారాక వేలమందికి ఒక్కసారిగా పని పోయింది. ఫ్యాక్టరీ ఉంటే గేటు ముందు సమ్మె చెయ్యొచ్చు, ఫ్యాక్టరీయే లేనివాడు ఎక్కడ సమ్మె చేస్తాడు? 1996లో వాళ్లు హైవే మీదికి వచ్చి టైర్లు కాల్చి దారి మూసేశారు. ఆ పద్ధతి ఉత్తరాన సాల్తా దాకా పాకింది. రోడ్లు మూసే ఈ నిరుద్యోగుల్ని ‘పికెతెరోస్’ అన్నారు. 1995 మే నాటికే నిరుద్యోగం 18 శాతం దాటింది. కానీ అప్పటికి పెసో గట్టిగా ఉంది, నగరాల్లో మధ్యతరగతి జీవితం సాఫీగా సాగుతోంది. రోడ్డు మూసినవాళ్లు వాళ్లకి ట్రాఫిక్ ఇబ్బందిగానే కనబడ్డారు.

పులి మీద స్వారీ

1998 రెండో సగం నుంచి ఆర్థిక వ్యవస్థ కుంచించుకుపోవడం మొదలైంది. ఆ ఆగస్టులో రష్యా అప్పులు ఎగ్గొట్టడంతో అంతర్జాతీయ అప్పులిచ్చేవాళ్లు భయపడి చేతులు ముడుచుకున్నారు. 1999 జనవరిలో పక్కనున్న బ్రెజిల్ తన కరెన్సీ విలువ తగ్గించేసింది. అర్జెంటీనా సరుకుకి అతి పెద్ద కొనుగోలుదారు బ్రెజిలే. రాత్రికి రాత్రి బ్రెజిల్ సరుకు చవకైపోయింది, అర్జెంటీనా సరుకు ఖరీదైపోయింది. పైగా అదే కాలంలో ప్రపంచంలో డాలర్ బలపడింది. డాలర్‌కి కట్టేసిన పెసో కూడా దానితోపాటే పైకి పోయింది. గోధుమ, మాంసం అమ్ముకునే దేశానికి అమెరికా కరెన్సీ బరువు మీద పడింది.

మామూలు దేశమైతే ఇలాంటప్పుడు కరెన్సీ విలువ తగ్గించుకుంటుంది. అర్జెంటీనా ఎందుకు తగ్గించుకోలేకపోయిందో ఒక చిన్న లెక్కతో చూద్దాం. ఒక టీచరమ్మ నెలకి 800 పెసోలు సంపాదిస్తోందనుకోండి. ఇంటి మీద 30,000 డాలర్ల అప్పుంది. పెసో, డాలర్ ఒకటిగా ఉన్నంతకాలం అది 30,000 పెసోల అప్పు. డాలర్ ధర 3 పెసోలైతే ఆ రాత్రే అది 90,000 పెసోల అప్పవుతుంది. జీతం మాత్రం అదే 800. ఇలాంటి ఇళ్లు లక్షల్లో ఉన్నాయి. బ్యాంకులిచ్చిన అప్పుల్లో ఎక్కువ భాగం డాలర్లలోనే ఉంది. కంపెనీలదీ ప్రభుత్వానిదీ అదే పరిస్థితి. పెసోని వదిలేస్తే అందరూ ఒకేసారి దివాలా. వదలకపోతే ఎగుమతులు లేవు, పనుల్లేవు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. 1999 ఎన్నికల్లో గెలిచిన ఫెర్నాండో డె లా రువా తన ప్రచారంలోనే ‘నాతో ఉంటే ఒక పెసో, ఒక డాలర్’ అని మాటిచ్చాడు. ఆ మాట ఇవ్వకుండా గెలిచేవాడు కాదేమో కూడా.

కరెన్సీ విలువ తగ్గించలేని దేశం పోటీలో నిలబడాలంటే ఒక్కటే దారి: దేశంలోని జీతాలూ ధరలూ దిగాలి. అంటే జనం పేదవాళ్లు కావాలి, నెమ్మదిగా, నెలనెలా. ఇది కాగితం మీద ‘సర్దుబాటు’ అనే ఒక్క మాటలో అయిపోతుంది. ఇంట్లో మాత్రం జీతం తగ్గుతుంది, అప్పు వాయిదా తగ్గదు. 2000లో ప్రభుత్వం పన్నులు పెంచింది. జనం ఖర్చు తగ్గించారు. వ్యాపారాలు పడిపోయాయి. వ్యాపారాలు పడితే పన్నులు రాలేదు. లోటు మళ్లీ పెరిగింది. లోటు పెరిగిందని మళ్లీ కోత. కోత పెట్టాక మళ్లీ ఆదాయం పడింది. కష్టాల్లో ఉన్న దేశాలకి అప్పిచ్చే అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) డబ్బిచ్చిన ప్రతిసారీ ఇదే మందు ఇంకో డోసు వెయ్యమంది. 2000 డిసెంబర్లో సుమారు 4,000 కోట్ల డాలర్ల సాయం ప్యాకేజీ ప్రకటించినా ఊపిరి ఆడింది కొద్ది నెలలే.

2001లో టీవీ వార్తల్లో ప్రతిరోజూ ‘దేశ ప్రమాద సూచీ’ అనే అంకె చెప్పేవారు. వాతావరణం చెప్పినట్టు. అర్జెంటీనాకి అప్పివ్వాలంటే అమెరికా కంటే ఎంత ఎక్కువ వడ్డీ అడుగుతున్నారో చెప్పే అంకె అది. ప్రతి 100 పాయింట్లకి ఒక శాతం అదనపు వడ్డీ. నవంబర్‌కల్లా అది 3,000 దాటింది. అంటే 30 శాతం పైన అదనపు వడ్డీ. ఆ రేటుకి ఎవరూ అప్పు తీర్చలేరు, తీర్చలేరని తెలిసే ఆ రేటు అడుగుతున్నారు.

ఆ మార్చిలో కొత్త ఆర్థిక మంత్రి రికార్దో లోపెస్ మర్ఫీ విశ్వవిద్యాలయాల ఖర్చు కొయ్యబోతే విద్యార్థులు రోడ్డెక్కారు. ఆయన రెండు వారాలకే దిగిపోయాడు. పెసోని సృష్టించిన కవాలోనే మళ్లీ పిలిచి ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. జులైలో ‘సున్నా లోటు’ చట్టం వచ్చింది. ఎంత వస్తే అంతే ఖర్చు. ప్రభుత్వోద్యోగుల జీతాల్లో, పింఛన్లలో 13 శాతం కోత. అప్పులిచ్చినవాళ్ల వడ్డీకి మాత్రం కోత లేదు. నష్టం ఎవరి నెత్తిన అన్న ప్రశ్నకి ఆ చట్టం చాలా సూటిగా జవాబు చెప్పింది: ముసలివాళ్ల నెత్తిన, గుమస్తాల నెత్తిన, నర్సుల నెత్తిన.

అక్టోబర్ 14న పార్లమెంటు ఎన్నికలు జరిగాయి. అక్కడ ఓటు వెయ్యడం తప్పనిసరి. ఓటర్లు వెళ్లారు, కానీ పోలైన ఓట్లలో ఐదో వంతు పైగా ఖాళీవో చెల్లనివో. దాన్ని ‘బ్రోంకా ఓటు’ అన్నారు. బ్రోంకా అంటే వాళ్ల వాడుకలో కడుపుమంట. కొంతమంది కవర్లో అభ్యర్థి పేరు బదులు చేతులు లేని ఒక కార్టూన్ బొమ్మ పెట్టి వేశారు. వీడికైతే దోచుకోవడానికి చేతుల్లేవని. ఇంత స్పష్టంగా చెప్పినా ఎవరూ వినలేదంటే, వినదలచుకోలేదనే నేను అనుకుంటాను. రెండు నెలల తర్వాత జరిగినదానికి అదే చివరి హెచ్చరిక.

పిల్లల కంచె

ఈలోగా డబ్బున్నవాళ్లు డబ్బు బయటికి పంపేస్తున్నారు. పెద్ద కంపెనీలకీ ధనవంతులకీ విషయం ముందే తెలుసు. విదేశాల్లో ఖాతాలున్నవాళ్లు ఏడాది పొడుగునా దేశంలోని ఖాతాల్ని నిశ్శబ్దంగా ఖాళీ చేసుకుంటూ వచ్చారు. మామూలు జనం చివర్లో బ్యాంకుల దగ్గర క్యూ కట్టారు. నవంబర్ 30, శుక్రవారం ఒక్కరోజే వంద కోట్ల డాలర్లకు పైగా బ్యాంకుల నుంచి బయటికి పోయింది. ఆ వారాంతంలో కవాలో బ్యాంకుల తలుపులకి తాళం వేసినంత పని చేశాడు: ఖాతాలోంచి వారానికి 250 పెసోలకు మించి నగదు తియ్యడానికి లేదు.

జనం దానికి ‘కొరలీతో’ అని పేరు పెట్టారు. పాకే పసిపిల్లలు అటూఇటూ పోకుండా చుట్టూ పెట్టే బుల్లి కంచెని వాళ్ల భాషలో అలాగే అంటారు. నలభై ఏళ్లు కష్టపడి దాచుకున్న మనిషిని ప్రభుత్వం ఆ కంచెలో కూర్చోబెట్టిందన్నమాట.

పైకి చూస్తే ఇది డిపాజిట్లున్న మధ్యతరగతి బాధ. కానీ ఈ దెబ్బ ఇంకా కిందకి తగిలింది. అర్జెంటీనాలో పనివాళ్లలో పెద్ద భాగం లెక్కల్లో లేని పనుల్లో ఉన్నారు. ఇల్లు తుడిచే ఆవిడ, తాపీ మేస్త్రీ, తోపుడు బండివాడు, అందరికీ చేతికి నగదే. బ్యాంకు ఖాతా లేదు, కార్డు లేదు. ఇంటామె చేతిలో నోట్లు లేకపోతే పనిమనిషి చేతిలోనూ లేవు. బ్యాంకులో ఒక్క పెసో లేనివాడికి కూడా బ్యాంకు మూతపడటం వల్ల పూట గడవలేదు. డిసెంబర్ 5న ఐఎంఎఫ్ ఇస్తానన్న సుమారు 125 కోట్ల డాలర్ల వాయిదా ఆపేసింది. క్రిస్మస్ మూడు వారాల్లో ఉంది.

డిసెంబర్ రెండో వారం నుంచి ఆకలి బయటపడింది. రొసారియోలో, తర్వాత ఊరూరా, చివరికి బ్యూనస్ ఎయిర్స్ శివార్లలో జనం సూపర్‌మార్కెట్ల ముందు గుమిగూడి తిండి అడిగారు. కొన్నిచోట్ల ఇచ్చారు, చాలాచోట్ల దోపిడీలు జరిగాయి. కొన్ని చోట్ల స్థానిక రాజకీయ నాయకుల మనుషులే జనాన్ని ఉసిగొల్పారన్న మాట తర్వాత గట్టిగా వినిపించింది, అందులో కొంత నిజముంది కూడా. కానీ ఖాళీ కడుపుని ఎవరూ ఉసిగొల్పి పుట్టించలేరు.

రొసారియోలో క్లౌదియో లెప్రత్తి అనే 35 ఏళ్ల మనిషి ఒక బడి వంటశాలలో పనిచేసేవాడు. పేదవాడలో పిల్లలకి భోజనం పెట్టడం ఆయన పని. డిసెంబర్ 19న బడి పక్క వీధిలో పోలీసులు కాల్పులు జరుపుతుంటే ఆయన బడి పైకప్పు ఎక్కాడు. కాల్చొద్దు, కింద పిల్లలు తింటున్నారని అరిచాడు. పోలీసు తూటా ఆయన గొంతులో దిగింది. ఆ రెండు రోజుల్లో దేశమంతటా చనిపోయినవాళ్లు 39 మంది దాకా ఉన్నారు.

అదే రాత్రి డె లా రువా టీవీలో కనబడి దేశంలో ‘ముట్టడి స్థితి’ ప్రకటించాడు. అంటే పౌర హక్కులు ఆపేసి, గుమిగూడిన వాళ్లని అరెస్టు చేసే అధికారం. ఆ మాట అక్కడ మామూలు మాట కాదు. 1976 నుంచి 1983 దాకా దేశాన్ని పట్టి పీడించిన సైనిక నియంతృత్వం కాలంలో అది రోజువారీ మాట. వేలమంది మాయమైపోయిన కాలం అది. బాల్కనీల్లో నిలబడి ఆ ప్రసంగం విన్నవాళ్లలో సగం మందికి ఆ రోజులు బాగా గుర్తు. ప్రసంగం పూర్తవకముందే ఎవరో వంటింట్లోంచి గిన్నె తెచ్చి గరిటెతో కొట్టడం మొదలుపెట్టారు. పక్కింట్లోంచి ఇంకో గిన్నె, ఎదురింట్లోంచి మూత. కాసేపటికి వీధంతా అదే మోత. తర్వాత జనం మెట్లు దిగారు. పైజమాలతో, చెప్పులతో, పిల్లల్ని ఎత్తుకుని, ఏ పార్టీ జెండా లేకుండా అధ్యక్ష భవనం ముందున్న ప్లాసా డె మాయో దాకా నడిచారు. గిన్నెల మోతతో చేసే ఈ నిరసనని ‘కసెరోలాసో’ అంటారు. వాళ్ల నినాదం: అందరూ పోవాలి, ఒక్కడు కూడా మిగలకూడదు.

ఆ అర్ధరాత్రికే కవాలో రాజీనామా చేశాడు. మర్నాడు పోలీసులు గుర్రాల మీద ప్లాసా డె మాయోలోకి దూకారు. నియంతల కాలంలో మాయమైన పిల్లల కోసం పాతికేళ్లుగా తెల్ల కండువాలతో ఆ చౌక్‌లో తిరుగుతున్న తల్లులమీదికి కూడా గుర్రాల్ని తోలారు. ఆ దృశ్యం టీవీలో లైవ్‌లో వచ్చింది. సాయంత్రం డె లా రువా రాజీనామా లేఖ రాసి భవనం పైకప్పు మీంచి హెలికాప్టర్లో వెళ్లిపోయాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. మధ్యతరగతి బయటికి వచ్చింది డబ్బు కోసమేనని చాలామంది తేల్చేస్తారు. కొరలీతో పెట్టింది డిసెంబర్ మొదటి వారంలో. దేశం మొత్తం దద్దరిల్లింది 19వ తేదీ రాత్రి, ముట్టడి స్థితి అన్న మాట విన్నాక. డబ్బు పోయినందుకు క్యూల్లో నిలబడి తిట్టుకున్నవాళ్లే, ఆకలితో ఉన్నవాళ్లమీదికి పోలీసుల్ని పంపి మీరు ఇంట్లో కూర్చోండి అనగానే వీధిలోకి వచ్చారు. కొద్ది వారాల తర్వాత ఇంకో నినాదం పుట్టింది: రోడ్డు మూసినా, గిన్నె మోగించినా పోరాటం ఒక్కటే. ఐదేళ్ల క్రితం కుత్రల్ కో జనాన్ని పట్టించుకోని నగరం ఇప్పుడు శివార్ల నుంచి నడిచొచ్చిన నిరుద్యోగులకి దారిలో టీ, రొట్టె ఇచ్చింది. ఆ కలయిక ఎక్కువకాలం నిలవలేదు, కానీ నిలిచిన ఆ కొద్ది నెలలూ ఏ ప్రభుత్వానికీ నిద్ర పట్టలేదు.

దాచినవాడికి డాలర్లే ఇస్తాం

డె లా రువా వెళ్లాక రమోన్ పుయెర్తా తాత్కాలికంగా వచ్చాడు. తర్వాత అదోల్ఫో రోద్రిగెస్ సా. ఆయన వారం రోజులే ఉన్నా, పార్లమెంటులో విదేశీ అప్పుల చెల్లింపు ఆపేస్తున్నట్టు ప్రకటించాడు. 9,000 కోట్ల డాలర్లకు పైబడిన ఆ ఎగవేత అప్పటికి ప్రపంచంలోనే అతి పెద్దది. సభ్యులు లేచి చప్పట్లు కొట్టారు. తర్వాత ఎదువార్దో కమాన్యో, ఆ తర్వాత 2002 జనవరి మొదట్లో పార్లమెంటు ఎన్నుకున్న ఎదువార్దో దువాల్దె. రెండు వారాలు తిరక్కుండా అధ్యక్ష పదవి ఐదుగురి చేతుల్లో పడింది.

దువాల్దె తొలి ప్రసంగంలో ఇచ్చిన హామీ అందరికీ గుర్తుండిపోయింది: డాలర్లు దాచుకున్నవాళ్లకి డాలర్లే తిరిగిస్తాం. వారం తిరక్కముందే పదేళ్ల పెసో–డాలర్ బంధం తెంచేశారు. ఫిబ్రవరిలో వచ్చిన ఉత్తర్వు ఆ హామీని కూడా తీసి పక్కన పెట్టింది. బ్యాంకులో ఒక డాలర్ దాచుకున్నవాడి ఖాతాలో 1.40 పెసోలు రాశారు. బ్యాంకుకి ఒక డాలర్ బాకీ ఉన్నవాడు ఒక్క పెసో కడితే చాలన్నారు. జూన్‌కల్లా బయట డాలర్ ధర 4 పెసోల దగ్గరకి పోయింది.

ఈ లెక్కని నిదానంగా చూడండి, మొత్తం వ్యవహారంలో అతి పెద్ద పంపకం ఇందులోనే ఉంది. ఇంటి అప్పున్న టీచరమ్మ బయటపడింది. ఆమె కోసం ఇది చెయ్యాల్సిందే, లేకపోతే లక్షల కుటుంబాలు రోడ్డున పడేవి. కానీ అదే వెసులుబాటు కోట్ల డాలర్లు బాకీపడ్డ పెద్ద కంపెనీలకీ దక్కింది. వాటిలో చాలావాటికి ఎగుమతుల ఆదాయం డాలర్లలో వస్తూనే ఉంది. డాలర్లలో సంపాదించి, పెసోల్లో అప్పు తీర్చుకున్నాయి. మొదట్లో చిన్న అప్పులకే ఈ వెసులుబాటు అన్నారు, పెద్దవాళ్లు ఒత్తిడి తెచ్చాక పరిమితి ఎత్తేశారు. బ్యాంకులకి వచ్చిన తేడాని ప్రభుత్వం బాండ్లు ఇచ్చి పూడ్చింది, అంటే పన్నులు కట్టేవాళ్లు పూడ్చారు. దాచుకున్నవాడు నష్టపోయాడు. ఆ సంవత్సరం ధరలు 41 శాతం పెరిగాయి కాబట్టి ఏమీ దాచుకోనివాడు ఇంకా ఎక్కువ నష్టపోయాడు.

బ్యాంకులు తమ అద్దాలకి ఇనుప రేకులు బిగించుకున్నాయి. సుత్తులు, గరిటెలు పట్టుకుని పెద్దవయసు ఆడవాళ్లూ సూట్లు వేసుకున్న మగవాళ్లూ రోజూ వెళ్లి ఆ రేకుల్ని బాదేవారు. నెలల తరబడి సొట్టలు పడిన ఆ రేకులే నగరం మధ్యలో కనబడేవి.

ఎలా బతికారు

అంకెలు ఒకసారి చెప్పుకుని ముందుకు పోదాం. 2002లో దేశ ఉత్పత్తి 10.9 శాతం పడిపోయింది. మేలో నిరుద్యోగం 21.5 శాతం. అక్టోబర్‌కల్లా నగర జనాభాలో 57.5 శాతం పేదరికంలో ఉన్నారు. కోట్లమందికి సరిపడా గోధుమ, మాంసం పండించే దేశంలో తుకుమాన్ రాష్ట్రంలో పిల్లలు పోషకాహారం లేక చనిపోయారు. ఇటలీ, స్పెయిన్ కాన్సులేట్ల ముందు క్యూలు. ఆకలితో యూరప్ నుంచి ఓడలెక్కి వచ్చినవాళ్ల మనవలు, తాతల జనన ధ్రువపత్రాలు పట్టుకుని వెనక్కి పోవడానికి నిలబడ్డారు.

నగదు లేకపోతే జనం నగదుని తయారుచేసుకున్నారు. ముందు రాష్ట్ర ప్రభుత్వాలే ఆ పని చేశాయి. రాజధాని చుట్టూ ఉన్న బ్యూనస్ ఎయిర్స్ రాష్ట్రం 2001 ఆగస్టులో ‘పతకోన్’ అనే బాండ్లని నోట్ల రూపంలో అచ్చువేసి జీతాలుగా ఇచ్చింది. పదికి పైగా రాష్ట్రాలు ఇలాంటివే వేసుకున్నాయి. ఒక రాష్ట్రం నోటు పక్క రాష్ట్రంలో చెల్లదు. దుకాణం గోడమీద ఏయే కాగితాలు తీసుకుంటామో రాసి పెట్టేవారు.

ఇంకా కిందిస్థాయిలో ‘త్రువెకె’ సంతలు నడిచాయి. 1995లో బెర్నాల్ అనే శివారు ఊళ్లో కొద్దిమంది ఇరుగుపొరుగు మొదలుపెట్టిన వస్తుమార్పిడి క్లబ్బు 2002కి వేల చోట్లకి పాకింది. పాత షెడ్డులో బల్లలు వేసుకుని కూర్చునేవారు. ఒకావిడ ఇంట్లో చేసిన జామ్ సీసాలు, ఒకాయన జుట్టు కత్తిరించే కుర్చీ, ఇంకొకామె పిల్లలకి చిన్నవైపోయిన బట్టలు. లావాదేవీకి ‘క్రెదితో’ అనే సొంత కాగితం. కొన్ని లక్షల కుటుంబాలకి ఆ శీతాకాలంలో అన్నం పెట్టింది ఈ కాగితమే. తర్వాత దానికి కూడా దొంగనోట్లు వచ్చాయి, అచ్చు అదుపు తప్పింది, 2002 చివరికి క్రెదితోకి విలువ లేకుండా పోయింది. ప్రభుత్వం చేసిన తప్పే మళ్లీ జరగడం చూస్తే బాధేస్తుంది. డబ్బంటే నమ్మకమే, ఆ నమ్మకాన్ని కాపాడటానికి ఇరుగుపొరుగు మంచితనం ఒక్కటే చాలదు.

రాత్రయితే శివార్ల నుంచి సీట్లు పీకేసిన ఒక పాత రైలు నగరంలోకి వచ్చేది. దాన్ని తెల్ల రైలు అనేవారు. అందులో తోపుడు బళ్లతో వచ్చే కుటుంబాలు చెత్తకుప్పల్లోంచి అట్టలు ఏరుకునేవి. వాళ్లని ‘కార్తొనేరోస్’ అన్నారు. ఇక్కడ కూడా డాలర్ ధరే పనిచేసింది. పెసో పడిపోయాక దిగుమతి కాగితం ఖరీదైంది, పాత అట్టకి ధర వచ్చింది. నిన్నటిదాకా ఫిట్టర్‌గా, టైలర్‌గా పనిచేసినవాళ్లు ఆ ధర కోసం రాత్రంతా వీధులు తిరిగారు. చెత్త ఏరడం నియంతల కాలం నుంచి నగరంలో నేరం. 2002 డిసెంబర్లో నగర శాసనసభ చట్టం మార్చి దాన్ని పనిగా ఒప్పుకుంది.

నగరంలోనే బ్రుక్మన్ అనే సూట్లు కుట్టే ఫ్యాక్టరీ ఉంది. పనివాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. జీతం విడతల్లోకి దిగి, విడతలు బస్సు చార్జీకి కూడా చాలనంత చిన్నవయ్యాయి. 2001 డిసెంబర్ 18న ఆ చార్జీ డబ్బులైనా ఇవ్వమని అడిగితే యజమానులు తెస్తామని వెళ్లి తిరిగి రాలేదు. ఇంటికి పోవడానికి చిల్లర లేక వాళ్లు ఆ రాత్రి ఫ్యాక్టరీలోనే ఉండిపోయారు. మర్నాడు దేశం భగ్గుమంది. వాళ్లు మాత్రం కొద్ది రోజులు ఎదురుచూసి, మిషన్ల ముందు కూర్చుని ఆగిన ఆర్డర్లు కుట్టడం మొదలుపెట్టారు. 2003 ఏప్రిల్లో పోలీసులు గెంటేస్తే వీధిలో గుడారం వేసుకుని కూర్చున్నారు. అదే ఏడాది నగర శాసనసభ ఫ్యాక్టరీని స్వాధీనం చేసుకుని వాళ్ల సహకార సంఘానికి అప్పగించింది. నెవుకెన్‌లో జనోన్ అనే టైల్స్ ఫ్యాక్టరీతో సహా ఇలాంటివి చాలా నడిచాయి. వీళ్ల సంఖ్య మొత్తం నిరుద్యోగుల్లో చాలా చిన్నది. కానీ నష్టం ఎవరి నెత్తిన అన్న ప్రశ్నకి ‘మా నెత్తిన వద్దు’ అని జవాబు చెప్పినవాళ్లు వీళ్లు, అందుకే వీళ్ల గురించి ఇంతసేపు చెప్పాను.

అందరూ పోయారా

దువాల్దె ప్రభుత్వం నిరుద్యోగ కుటుంబ పెద్దలకి నెలకి 150 పెసోలు ఇచ్చే పథకం పెట్టింది. దాదాపు 20 లక్షల మందికి అందింది. ఆ డబ్బుతో ఇల్లు గడవదు, కానీ ఆకలి అంచు నుంచి కొంచెం వెనక్కి లాగింది. ఎగుమతుల మీద పన్ను వేసి దానికి డబ్బు తెచ్చారు. డాలర్ పెరిగి లాభపడ్డవాళ్ల దగ్గర కొంత తీసుకోవడం మొత్తం వరసలో అదే మొదటిసారి.

ఇలా కుదుటపడుతోందనుకుంటుండగా, మొదట్లో చెప్పిన అవెల్లనేదా కాల్పులు జూన్ 26న జరిగాయి. మొదట ప్రభుత్వం వైపు నుంచి నిరసనకారులే ఒకర్నొకరు చంపుకున్నారన్న కథ వచ్చింది. రెండు మూడు రోజుల్లో ఫొటోలన్నీ బయటికి వచ్చాయి. మళ్లీ వేలమంది వీధుల్లోకి వచ్చారు. ఎన్నికలు అనుకున్నదానికంటే ముందే పెడతామని దువాల్దె వారం లోపే ప్రకటించాల్సి వచ్చింది.

2003 ఏప్రిల్లో ఎన్నికలు జరిగితే మొదటి స్థానంలో ఎవరొచ్చారో తెలుసా? పెసోని డాలర్‌కి కట్టిన కాలపు అధ్యక్షుడు మెనెమ్, 24 శాతం పైచిలుకు ఓట్లతో. రెండో స్థానంలో నెస్తోర్ కిర్చ్‌నర్, 22 శాతంతో. ఇద్దరిదీ మాజీ అధ్యక్షుడు పెరోన్ స్థాపించిన పెరోనిస్టు పార్టీయే. రెండో రౌండులో ఓటమి ఖాయమని తెలిసి మెనెమ్ తప్పుకున్నాడు. కిర్చ్‌నర్ 22 శాతం ఓట్లతో అధ్యక్షుడయ్యాడు. ‘అందరూ పోవాలి’ అన్న నినాదం లెక్క ప్రకారం ఓడిపోయింది. డె లా రువా పార్టీ చితికిపోయింది, ఆ డిసెంబర్ తర్వాత పేటపేటనా జనం పెట్టుకున్న వీధి సభలు ఒక్కొక్కటిగా పలచబడ్డాయి, పాత ముఖాలు చాలావరకు అలాగే ఉన్నాయి.

అయినా ఆ నినాదం వృథా పోయిందని నేను అనుకోను. ఆ తర్వాత వచ్చిన ఏ ప్రభుత్వమూ డిసెంబర్ నెల దగ్గరపడుతుంటే నిబ్బరంగా ఉండలేకపోయింది. 2005లో, ఎగ్గొట్టిన అప్పులో నాలుగింట మూడు వంతులు చేతిలో ఉన్నవాళ్లకి భారీగా నష్టపోయి కొత్త బాండ్లు తీసుకోక తప్పలేదు. 2006 జనవరిలో ఐఎంఎఫ్ బాకీ 950 కోట్ల డాలర్లు ఒకేసారి కట్టేశారు. కోతే మందు అని చెప్పిన ఐఎంఎఫ్ సొంత సమీక్షా విభాగమే 2004లో అర్జెంటీనా విషయంలో సంస్థ తప్పులు చేసిందని నివేదిక ఇచ్చింది. అన్నింటికన్నా పెద్ద సంగతి ఇంకొకటి. ఐదుగురు అధ్యక్షులు మారిన ఆ రెండు వారాల్లో సైన్యం బ్యారక్ దాటలేదు. అంతకు ముందు ఆ దేశంలో ఇంతకంటే చిన్న గందరగోళాలకే సైన్యం గద్దె ఎక్కింది.

న్యాయం మాత్రం నత్తనడక నడిచింది. అవెల్లనేదా కేసులో ఇద్దరు పోలీసులకి 2006లో యావజ్జీవ శిక్ష పడింది. ఆజ్ఞలిచ్చిన రాజకీయ నాయకుల దాకా విచారణ పోలేదు. డిసెంబర్ 20 నాటి ప్లాసా డె మాయో కాల్పుల కేసులో అప్పటి భద్రతా కార్యదర్శికీ పోలీసు అధిపతికీ 2016లో శిక్ష పడింది. అప్పటికి 15 ఏళ్లు గడిచాయి. డె లా రువా మీద అభియోగాలు కొట్టేశారు. ఆయన 2019లో చనిపోయాడు.

అవెల్లనేదా రైల్వే స్టేషన్‌కి 2013లో పార్లమెంటు చట్టం చేసి పేరు మార్చింది. గోడల మీద జనం ఆ పేర్లని అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే రాస్తున్నారు. ఇప్పుడు రైలు ఆగినప్పుడు ప్లాట్‌ఫాం బోర్డు మీద కనబడేవి ఆ రెండు పేర్లే: దారియో సంతియాన్, మాక్సిమిలియానో కొస్తేకి.